నాటుట, నిలుపుట

శతజయంతి సందర్భమున మన దేవాలయ ఆవరణలోని చెట్లను చూచి, వాటిని పెంచిన పెద్దలను తలచుకొంటున్నాము. అట్టి పనికి యువజనులను సిద్ధపరచిన చరిత్ర ఒకటి హిమాలయ గ్రామాలలో ఉన్నది.

నేటి ఉత్తరాఖండ్‌లోని గోపేశ్వర్‌లో 1964లో చండీప్రసాద్ భట్ గారు, మిత్రులు ఒక గ్రామ స్వరాజ్య సంఘమును స్థాపించారు. 1970లో అలకనందకు పెద్ద వరద వచ్చింది. అడవుల నరికివేతే దాని తీవ్రతను పెంచిందని గ్రామస్థులు గ్రహించారు. 1974 మార్చి 26న రేణి గ్రామంలో గౌరాదేవి గారు, తోటి స్త్రీలు అడ్డునిలిచి చెట్లను కాపాడారు.

అటుపిమ్మట సంఘమువారు శిబిరాలు నడిపారు. విద్యార్థులు, గ్రామస్థులు కలిసి మొక్కలు నాటి, పశువులు రాకుండ రాతిగోడలు కట్టారు. మేతకు, వంటచెరకుకు పనికివచ్చే చెట్లు కావాలని స్త్రీలు కోరారు. చదువుకొన్న యువకులకు ఆ మాట వినుటయే మొదటి శిక్షణ.

మనమూ ఏటేటా మొక్కలు నాటుతున్నాము. వేసవి దాటేసరికి ఎన్ని మిగులుతున్నవి? నాటేవారిని మాత్రమే గాక నిలిపేవారిని తయారుచేయుట మన యువజన సమాజముల రెండవ శతాబ్దపు పని కావలెను.