మడత చాకు: గోటి గాడి నుంచి వేలి మీట దాకా

ఫ్లిప్పర్ అనే జేబు చాకును తక్కిన మడత చాకుల నుంచి వేరుచేసేది ఒక చిన్న మీట. బ్లేడు మడమను కాస్త పెంచి, చాకు మూసి ఉన్నప్పుడు ఆ ముక్క పిడి వీపు మీద మూపురంలా బయటికి నిలిచేట్టు చేస్తారు. చూపుడువేలితో దాన్ని వెనక్కి నొక్కితే బ్లేడు ఒక్క ఊపున తిరిగి టక్కున తాళం పడుతుంది. రెండో చెయ్యి అక్కర్లేదు. ఈ వసతి జేబు చాకులకు విరివిగా వచ్చింది ఇటీవలి దశాబ్దాల్లోనే. కానీ మడతపెట్టే పదునుకు వెనక తోక ఉంచి, దాని మీద వేలు ఆనించే పద్ధతి క్షురకులకు ఏనాడో తెలుసు. మంగలికత్తి తోక చేసేది ఆ పనే.

మడత చాకు స్వయంగా చాలా పాతది. ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికిన ఎముక పిడి చాకు క్రీ.పూ. 600-500 నాటిది. రోమన్లు కూడా ఇనుప బ్లేడును కంచు పిడిలోకి మడిచేవారు. వీటిలో స్ప్రింగు లేదు, తాళం లేదు. రివెట్టు బిగువే బ్లేడును ఆపాలి. దక్షిణ భారతంలో తాటాకు మీద రాసేవారి సరంజామాలోనూ ఇలాంటిది ఒకటుండేది: ఒక కొసన గంటం, అదే పిడిలోకి మడిచే చిన్న చాకు. ఆకు కొసలు కత్తిరించడానికి చాకు, అక్షరం గీయడానికి గంటం. రోజూ వెంట ఉంచుకునే మడత చాకు మన దగ్గర రాతపనికీ తోడుగా ఉండేదనడానికి ఇది మంచి సాక్ష్యం.

ఉక్కు సంగతికొస్తే, తెలంగాణకు చెప్పుకోదగ్గ చరిత్రే ఉంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. త్రికోణమితీయ సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వాయిసీ 1820ల తొలినాళ్లలో ఆ కొలుములను చూసి రాసిన వివరణ 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కులో ఎక్కువ భాగం కత్తులకే పోయింది. వూట్జ్ అని పేరుపడ్డ ఇలాంటి మూస ఉక్కు జేబు చాకుతో ముడిపడిన ఘటన లండన్‌లో జరిగింది. బొంబాయి నుంచి రాయల్ సొసైటీకి పంపిన వూట్జ్ ముక్కల్లో ఒకదాన్ని జేమ్స్ స్టోడార్ట్ అనే చాకుల తయారీదారు పెన్నైఫ్‌గా సాగగొట్టాడు. అది ఇంగ్లండ్ మేలి ఉక్కు చాకుకు ఏమాత్రం తీసిపోలేదని 1795 నాటి జార్జ్ పియర్సన్ పత్రం చెబుతుంది. ఈకకలం మొన చెక్కడానికి చేసిన పనిముట్టు అది. పెన్నైఫ్ అన్న పేరు అలా వచ్చిందే.

ఆ సరికి యూరప్‌లో మడత చాకు రూపం కుదురుకుంది. పదిహేడో శతాబ్దంలో పిడి వీపు పొడవునా బిగువైన స్ప్రింగు పెట్టడం మొదలైంది. తెరిచినా మూసినా బ్లేడును అది నొక్కిపట్టి ఉంచుతుంది. అయితే తాళం మాత్రం కాదు. వెనక నుంచి గట్టిగా ఒత్తితే బ్లేడు వేళ్ల మీదికే మడతపడుతుంది. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కార్ఖానాలు ఈ నమూనాను లక్షల్లో చేసి బ్రిటిష్ సామ్రాజ్యమంతటా అమ్మాయి.

సికింద్రాబాద్‌కు ఆ సరుకు దండుతో పాటు రావడం సహజం. నిజాంతో కుదిరిన 1798 సంధి దరిమిలా హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన దిగిన ఆంగ్ల సైన్యపు మకాం 1806లో అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టుకుంది. 1857 తర్వాత తిరుమలగిరిలో కోట కట్టుకున్న దండుకు బట్టలు మొదలుకుని బొత్తాల దాకా అందించే బజార్లు చుట్టూ వెలిశాయి. బ్రిటిష్ సిపాయి చాకు పని కోసం పుట్టిన మొరటు వస్తువు. మొన లేకుండా మొద్దుగా వంచిన బ్లేడు, డబ్బా మూత కోసే కొక్కెం, తాడు ముడులు విప్పే ఇనుప ములుకు, నడుముకు తాడుతో కట్టుకునే కొండీ. మొదటి ప్రపంచయుద్ధంలో ఇదే నమూనా లక్షలాది చేతుల్లో తిరిగింది. రెండో యుద్ధానికి పిడి రేకులు నల్ల ప్లాస్టిక్‌గా మారాయి. తెరవడం మాత్రం పాత పద్ధతే: బ్లేడు మీది గాడిలో గోరు దూర్చి లాగాలి. చెమట పట్టిన చేతికి, విరిగిన గోటికి అది శిక్షే.

ఇదే కాలంలో ఇతర దేశాల్లో మూడు చాకులు పుట్టాయి. సావోయిలో జోసెఫ్ ఒపినెల్ 1890 ప్రాంతంలో చేసిన కొయ్యపిడి చాకుకు 1955లో తిప్పే ఉంగరం తాళం చేరింది. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ అధికారుల చాకును 1897లో నమోదు చేయించాడు. మూడోది జపాన్‌లోని మికి పట్టణపు హిగోనోకామి. బడిపిల్లలు పెన్సిళ్లు చెక్కుకున్న ఈ చౌక చాకుకు బ్లేడు వెనక ఒక తోక ఉంటుంది; బొటనవేలితో తోకను నొక్కి తెరుస్తారు, వాడుతున్నంతసేపూ దాన్నే నొక్కి పట్టుకుంటారు. పోలికలను బట్టి చూస్తే ఫ్లిప్పర్‌కు దగ్గరి పెద్దమ్మ ఇదే.

ఒంటి చేత్తో తెరుచుకునే చాకుకు చెడ్డపేరు స్ప్రింగు వల్ల వచ్చింది. బొత్తం నొక్కితే దానంతటదే విచ్చుకునే చాకులను, అంటే స్విచ్‌బ్లేడ్‌లను, అమెరికా 1958 చట్టంతో అంతర్రాష్ట్ర వ్యాపారం నుంచి తొలగించింది. మన దేశంలో ఆ పేరు రాంపురికి అంటింది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పనివాళ్లు చేసిన ఆ పొడవాటి చాకు తెరుచుకునేటప్పుడు పళ్లచక్రం కరకరమంటుంది. వెండితెర రౌడీ చేతిలో ఆ చప్పుడు ఒక బెదిరింపు. సినిమా చేసిన ఈ ప్రచారం వల్లే నేటికీ జేబులోంచి మడత చాకు తీస్తే పక్కవాడు ఉలిక్కిపడతాడు. ఢిల్లీ పాలనాయంత్రాంగం 1980 ప్రకటనలో బొత్తంతోనో స్ప్రింగుతోనో ఇతర యంత్రాంగంతోనో తెరుచుకునే చాకుల్లో 7.62 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన పొడవు, 1.72 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన వెడల్పు ఉన్నవాటిని ఆయుధాల కిందికి చేర్చింది.

స్ప్రింగు లేకుండా వేగం ఎలా అన్నదే తర్వాతి తరం తయారీదారుల ప్రశ్న. 1960ల్లో వచ్చిన బక్ 110 వీపు తాళాన్ని సామాన్యం చేసింది కానీ గోటి గాడిని వదల్లేదు. 1980 తర్వాత రెండు మార్పులు జరిగాయి. మైకేల్ వాకర్ పిడి లోపలి రేకునే పక్కకు వంచి, బ్లేడు తెరవగానే దాని మడమ కింద ఆనుకునేట్టు చేశాడు. స్పైడర్కో 1981లో బ్లేడుకు గుండ్రటి రంధ్రం పెట్టి బొటనవేలికి పని చెప్పింది. వాకర్ తాళంలోని ఒక చిన్న భాగం ఫ్లిప్పర్‌కు ప్రాణమైంది: తాళపు రేకులో పొదిగిన గోళీ. చాకు మూసినప్పుడు ఆ గోళీ బ్లేడులోని గుంటలో కూర్చుంటుంది. మీట నొక్కినప్పుడు వేలి బలం ముందు పోగుపడుతుంది, గోళీ గుంట దాటిన క్షణంలో ఆ బలమంతా బ్లేడుకు చేరుతుంది. గోళీ పట్టు తక్కువైతే చాకు సగంలో ఆగుతుంది; ఎక్కువైతే వేలు నొప్పెడుతుంది.

ఈ మీటకు ప్రాచుర్యం తెచ్చినవారిలో అమెరికా సైన్యంలో పనిచేసి చాకుల రూపశిల్పిగా మారిన కిట్ కార్సన్ పేరు ముందు చెబుతారు. ఆయన ఎం16 నమూనాను సీఆర్‌కేటీ సంస్థ పెద్ద ఎత్తున తయారుచేసింది. చాకు తెరిచాక మీట కిందికి తిరిగి వేళ్లకు అడ్డుగోడ అవుతుంది. ఇది మామూలు లాభం కాదు. చెయ్యి జారి పదును మీదికి పోకుండా ఆపుతుంది. 1998 ప్రాంతంలో కెన్ ఆనియన్ కెర్షా సంస్థకు ఇచ్చిన నమూనాల్లో కొంత దూరం వేలు తోస్తే మిగతాది లోపలి స్ప్రింగు కడ్డీ తోసేది. ఇలాంటి చాకును స్విచ్‌బ్లేడ్‌గా లెక్కించరాదని అమెరికా 2009లో చట్టం సవరించింది. ఆ తర్వాత ఇరుసు దగ్గర కంచు వాషర్ల బదులు చిన్న బాల్ బేరింగులు రావడంతో స్ప్రింగు సాయమే అనవసరమైంది. చైనా కంపెనీలు ఈ అమరికను చౌక చేశాయి.

రోజువారీ పనిలో గోటి గాడి చాకుకూ ఫ్లిప్పర్‌కూ తేడా ఎంత? రాణిగంజ్ హార్డ్‌వేర్ కొట్టులో నిచ్చెనెక్కి ఒక చేత్తో తాడు పట్టుకున్నవాడికి ఫ్లిప్పర్ అక్కరకొస్తుంది. మోండా మార్కెట్‌లో కొన్న మామిడికాయను ఇంటికొచ్చి కోసుకునేవాడికి గోటి గాడి చాకులో లోటేమీ లేదు. పైగా దాని బ్లేడు పల్చన, ముక్క తేలిగ్గా తెగుతుంది. ఫ్లిప్పర్ల బ్లేడు తరచు మందం. వేగం కోసం బరువు, బరువు కోసం మందం. పండు రసం బేరింగుల్లోకి దిగితే జిగురు పట్టి ఊపు చస్తుంది, నక్షత్రం గుంత స్క్రూలు విప్పి కడగాలి. పాత చాకును కుళాయి కింద పెట్టి తుడిస్తే చాలు. తాళం విషయంలో మాత్రం ఫ్లిప్పర్‌దే పైచేయి. ఇక నిజం చెప్పాలంటే, జనరల్ బజార్ నుంచి రాణిగంజ్ దాకా అట్టపెట్టెలు కోసేది ఈ రెండూ కాదు, జపాన్‌లో 1956లో పుట్టిన ముక్కలు విరిచే కట్టర్. మొద్దుబారితే ఒక ముక్క విరిస్తే కొత్త పదును.

సంరక్షణలో స్థానిక అలవాట్లు కొన్ని చేటు చేస్తాయి. ఇంట్లో దొరికే కొబ్బరి నూనె ఇరుసులో వేస్తే చలికాలం ఉదయాల్లో గడ్డకట్టి బ్లేడును పట్టేస్తుంది; కుట్టుమిషన్ నూనె మేలు. సైకిలు చక్రంతో వీధుల్లో తిరిగే సానవాడి పొడిరాయి మీద పల్చని కొస వేడెక్కి నీలమెక్కితే అక్కడి ఉక్కు మెత్తబడినట్టే. నీళ్లు చల్లిన చదునైన రాయి మీద చేత్తో నూరడమే క్షేమం.

ఢిల్లీ ప్రకటనలా కాక, దేశమంతటికీ వర్తించే నియమాల దృష్టిలో తెరిచే పద్ధతి కంటే కొలత ముఖ్యం. ఆయుధ చట్టం కింద 2016 నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న బ్లేడును ఆయుధంగా చూస్తాయి. ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ అవసరాల కోసం చేసినవాటికి మినహాయింపు. మూడు అంగుళాల జేబు చాకు, ఫ్లిప్పరైనా కాకపోయినా, ఆ గీతకు చాలా ఇవతలే. అయితే ఊరేగింపులు, ఎన్నికల వేళల్లో జంట నగరాల పోలీసులు ఆయుధాలు పట్టుకు తిరగరాదని ఆజ్ఞలిస్తే ఆ రోజుల్లో చాకు ఇంట్లో ఉంచడమే తెలివి. మెట్రో స్టేషన్ తనిఖీలో రెండు రకాలకూ ఒకే అడ్డు. విమానంలో చాకును క్యాబిన్‌లోకి రానివ్వరు, చెకిన్ సామానులోనే వెళ్లాలి.