అనుమానపు మగలు, ఉపాయపు ఇల్లాండ్రు

మన కథావాఙ్మయంలో ఒక జాతి కథలున్నవి. వాటిలో మగనికి అనుమానం మెండు, ఇల్లాలికి ఉపాయం మెండు. అతడు తలుపులు బిగించును, కాపలా పెట్టును. ఆమె అతని కళ్ళముందే దారి చూచుకొనును. వినువారు కడుపుబ్బ నవ్వుదురు. ఇవి ముతక కథలని కొందరు పెద్దలు పక్కకు నెట్టినారు. స్త్రీనింద అని మరికొందరు రోసినారు. మేము ఈ ప్రసంగంలో ఒక్క ప్రశ్న వేసికొనదలచినాము. ఈ కథలు నిజానికి ఎవరిని నవ్వులపాలు చేయుచున్నవి?

ఈ జాతి కథలకు పెద్ద గని సంస్కృత శుకసప్తతి. 12వ శతాబ్దివాడైన హేమచంద్రునికే ఇది తెలియును. కథ అందరెరిగినదే. వర్తకుడు దేశాంతరం పోయినాడు. అతని భార్య ప్రభావతి పరపురుషుని కలిసికొనుటకు బయలుదేరినది. ఇంట నున్న గోరువంక తిట్టినది. ఆమె దాని మెడ నులుమబోయినది. చిలుక తెలివైనది. “పోయి రమ్ము, కాని చిక్కున పడినప్పుడు ఫలానా ఆమెవలె తప్పించుకొన నేర్తువా?” అని అడిగినది. ఎట్లు తప్పించుకొన్నదో వినుచుండగనే తెల్లవారినది. ఇట్లు డెబ్బది రాత్రులు గడచినవి, మగడు ఇల్లు చేరినాడు.

ఈ చిలుక ఎక్కడెక్కడికి ఎగిరినదో చూడుడు. 1330లో జియాఉద్దీన్ నక్షబీ దీనిని పారసీకంలో తూతీనామాగా వ్రాసినాడు. అక్కడ రాత్రులు యాబదిరెండు. 1639లో గోలకొండలో, అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో, గవ్వాసీ కవి దానిని దక్కనీలో పలికించినాడు. ఆ 17వ శతాబ్దిలోనే పాలవేకరి కదిరీపతి తెలుగు శుకసప్తతి రచించినాడు. అనగా ఒకే శతాబ్దిలో తెలుగునేలపై చిలుక రెండు భాషలలో మాటలాడినది. తరువాతి శతాబ్దిలో అయ్యలరాజు నారాయణామాత్యుడు చిలుకకు బదులు హంసను కూర్చుండబెట్టి హంసవింశతి చెప్పినాడు. రాజసభలోను, రచ్చబండవద్దను చెవి యొగ్గువారు లేనిదే కథ ఇంత దూరం నడువదు.

సంస్కృత శుకసప్తతిలోని ఒక కథ వినుడు. శ్రియాదేవి ప్రియునితో నిద్రించుచుండగా మామ చూచి, సాక్ష్యంగా ఆమె కాలి అందెను తీసికొని పోయినాడు. ఆమె మేలుకొని సంగతి గ్రహించినది. ప్రియుని పంపివేసి, మగని తెచ్చి అదే చోట పరుండబెట్టినది. పిమ్మట అతనిని లేపి, “మీ తండ్రి నా కాలి అందెను తీసికొనిపోయినాడు, ఇది మర్యాదయా?” అని నిలదీసినది. తగవు ముదిరినది. యక్షుని విగ్రహం కాళ్ళసందున దూరి సత్యం నిరూపించుకొనవలెనన్నారు. అబద్ధమాడినవారిని యక్షుడు పట్టుకొనునట. దారిలో ప్రియుడు పిచ్చివానివలె వచ్చి ఆమెను కౌగిలించుకొన్నాడు. ఆమె యక్షుని ఎదుట, “నా భర్తయు, ఇందాకటి పిచ్చివాడును తప్ప అన్యుడు నన్ను తాకియుండినచో పట్టుకొనుము” అన్నది. మాటలో అబద్ధం లేదు. యక్షుడు చేయునది లేక ఊరకున్నాడు.

ఇదే ఉపాయం 12వ శతాబ్దిలో ఐరోపాలో ఇసోల్డ్ రాణి కథలోను కనబడును. అక్కడ కుష్ఠురోగి వేషంలో నున్న ప్రియుడు ఆమెను మోసి రేవు దాటించును. ఒట్టు మాత్రం ఒక్కటే. దేశం వేరైనను పరిస్థితి ఒకటి: స్త్రీ మాటకు విలువ లేదు, ఆమె దేహానికే పరీక్ష. పరీక్షించువానిని పరీక్షించువాడు లేడు. అట్టిచోట ఆమెకు మిగిలిన ఆయుధం మాటను మెలిపెట్టుట ఒక్కటే.

కాపలా ఇంకను గట్టిదైనచో? బౌద్ధుల అండభూత జాతకంలో ఒక పురోహితుడు పుట్టకముందే ఒక ఆడుబిడ్డను తెచ్చుకొని, పరపురుషుని నీడ సోకకుండ పెంచి పెండ్లాడినాడు. ద్వారద్వారమున స్త్రీలనే కాపలా పెట్టినాడు. ఐనను ఒక ధూర్తుడు పూలబుట్టలో లోపలికి వచ్చినాడు. అనుమానం పెనుభూతమని మన సామెత; ఆ భూతానికి గోడలు కట్టుట తెలియును గాని తలుపు వేయుట తెలియదు.

ఇప్పుడు మరొక రకపు తెలివి. దండి చెప్పగా, 13వ శతాబ్దిలో కేతన దశకుమారచరిత్రలో తెనిగించిన గోమిని కథ ఇది. రామగుండం, గోదావరిఖని శ్రోతలకు దీనిపై ప్రత్యేకమైన ప్రీతి కలుగవలెను, ఏలయన ఇందులో బొగ్గు కలదు. శక్తికుమారుడు కొద్దిపాటి వడ్లు మూటగట్టుకొని, వీటితో మంచి భోజనం పెట్టగల కన్యకై తిరుగుచున్నాడు. అందరు నవ్వినారు. చితికిన ఇంటి పిల్ల గోమిని వడ్లు తీసికొని, పొట్టు చెదరకుండ ఒలిచి, నగలు మెరుగు పెట్టుటకు దానిని కంసాలికి అమ్మించినది. ఆ డబ్బుతో కట్టెలు, కుండ తెప్పించినది. అన్నం ఉడికినపిదప కట్టెలపై నీరు చల్లి బొగ్గులు చేసి, వాటినిగూడ అమ్మించి, కూర, నేయి, పెరుగు సమకూర్చినది. నిప్పులోనిదిగూడ వృథా పోలేదు. అతడు తృప్తిగా తిని ఆమెను పెండ్లాడినాడు.

శ్రియాదేవి తెలివియు గోమిని తెలివియు వేరువేరు కావని మా అభిప్రాయం. ఎదుటివాని మనసు చదువుట, ఉన్నదానితో లేనిదానిని సాధించుట, సమయానికి మాట అందుట ఇద్దరిలోను ఉన్నవే. ఒకతె చేతిలో వడ్లు పెట్టినారు, బుద్ధి విందుగా మారినది. మరొకతె చుట్టు కన్నులు పెట్టినారు, బుద్ధి బొంకుగా మారినది. అందుచేత ఈ కథలలోని నవ్వు చాలవరకు అనుమానపు మగనిపైననే.

ఈ మాట మన గని ప్రాంతానికి దగ్గరిది. 1961లో ఇక్కడ సింగరేణి తవ్వకాలు మొదలైనప్పటినుండి ఎన్నో కుటుంబాలు షిఫ్టుల లెక్కన బ్రతుకు నడుపుకొన్నవి. చిలుక కథలో మగడు దేశాంతరం పోయినాడు. రాత్రి షిఫ్టుకు భూగర్భంలో దిగిన కార్మికునికి తెల్లవారువరకు ఇంటి కబురు అట్లే తెలియదు. 1952 నాటి గనుల చట్టం స్త్రీలను భూగర్భపు పనికి దూరముంచినది. 2019లోగాని ఆ నిషేధం కొంత సడలలేదు. కనుక తరతరాలుగా మగడు క్రింద, ఇల్లాలు పైన. జీతపు రాళ్ళు నెలాఖరువరకు సాగదీయుట, పిల్లల చదువు, ముసలివారి మందు, అన్నియు ఆమె చేతిమీదనే నడచినవి. అది గోమిని పని.

ఇట్టి ఇంటిలో ఎవరో విసరిన ఒక్క మాట చాలును, అనుమానం అడుగు పెట్టుటకు. కథలో దాని ఫలం నవ్వు. కథ వెలుపల అది దెబ్బగా మారును; ఇరుగుపొరుగు వినియు విననట్లుందురు. శ్రియాదేవికి యక్షుని కాళ్ళసందు తప్ప వేరు న్యాయస్థానం లేకపోయినది. నేటి ఇల్లాలికి 2005లో వచ్చిన గృహహింస చట్టం కలదు. కాని చట్టం గుమ్మం దాటి వచ్చులోపల చేయవలసినది ఇంటివారు చేయవలెను.

డెబ్బది రాత్రులు ఇల్లాలికి కథలు చెప్పిన చిలుక చివరకు ఇల్లు చేరిన మగనికిగూడ హితవు చెప్పి, ఆమెను క్షమింపజేసినది. కథ చెప్పువారు తరచు ఆ చివరి ఘట్టాన్ని విడిచిపెట్టుదురు. మన ఇండ్లలో చెప్పునప్పుడు దానినిగూడ చెప్పుకొందము.