నలభై ఆరో వీధి బడి పిల్లలు

న్యూయార్క్‌లో బ్రాడ్‌వే నాటకశాలలకు కూతవేటు దూరంలో, వెస్ట్ 46వ వీధిలో, 19వ శతాబ్దం చివర కట్టిన ప్రభుత్వ బడి భవనం ఒకటుంది. 1948 నుంచి 1984 దాకా హైస్కూల్ ఆఫ్ పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ నడిచింది అందులోనే. సర్కారు బడి కాబట్టి ఫీజు లేదు. ఆడిషన్‌లో నెగ్గితేనే సీటు. నాట్యమో నటనో సంగీతమో ఒక పూట, లెక్కలూ చరిత్రా ఇంకో పూట.

ఈ బడి ఆలోచన ఫ్రాంక్లిన్ కెల్లర్‌ది. మెట్రపాలిటన్ వొకేషనల్ హైస్కూల్ అనే వృత్తివిద్యా పాఠశాలకు ఆయన ప్రిన్సిపాల్. మిగతా పనులు నేర్పినట్టే నటననూ నాట్యాన్నీ బతుకుతెరువుగా ఎందుకు నేర్పకూడదన్నది ఆయన ప్రశ్న. కోటి విద్యలు కూటి కొరకే అన్న మన సామెత ఆయన చెవిన పడి ఉండదు కానీ, ఆయన వాదం అచ్చంగా అదే. కూచిపూడి అగ్రహారంలో ఆట తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. ఇక్కడ ఏ కళా లేని ఇంటి పిల్లలకూ అది ప్రభుత్వ ఖర్చుతో అందింది.

మరి కూడు దొరికిందా? కెల్లర్ ఆశించినట్టే బతికినవాడు ఆర్థర్ మిచెల్. హార్లెమ్‌లో 1934లో పుట్టిన నల్లజాతి కుర్రవాడు. చిన్నబడిలో ఒక వేడుకలో అతను గంతులేస్తుంటే చూసిన కౌన్సెలర్, ఈ బడికి ఆడిషన్ ఇమ్మని సలహా ఇచ్చారు. 1952లో చదువు ముగించి, 1955లో న్యూయార్క్ సిటీ బాలేలో చేరాడు. 1957లో ఆ సంస్థ నృత్యదర్శకుడు జార్జ్ బాలన్‌షీన్ ‘ఎగాన్’ అనే బాలేలో అతన్ని తెల్లజాతి నర్తకి డయానా ఆడమ్స్‌కి జంటగా నిలబెట్టాడు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ బడులు కూడా వేరువేరుగా ఉన్న రోజులవి. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత మిచెల్ తన పేటకే తిరిగొచ్చి, గురువు కారెల్ షుక్‌తో కలిసి 1969లో డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్ స్థాపించాడు. నేర్చిన విద్యనే చివరిదాకా నమ్ముకున్నాడు.

ఇలా తిన్నగా నడిచిన కథలు తక్కువ. అల్ పచీనోనే చూడండి. నటన విభాగంలో చేరి, పరీక్షలు తప్పి, పదిహేడేళ్లకే బడి మానేశాడు. ఉత్తరాలు మోశాడు, హోటల్లో ఎంగిలి బల్లలు తుడిచాడు, ఊడ్చే పనీ చేశాడు. యాక్టర్స్ స్టూడియోలో లీ స్ట్రాస్‌బర్గ్ దగ్గర మళ్లీ నేర్చుకున్నాకే 1972లో ‘గాడ్‌ఫాదర్’ దాకా వచ్చాడు. బడి ఇప్పుడు అతన్ని తన పిల్లల జాబితాలో గర్వంగా చెప్పుకుంటుంది. పట్టా లేకపోయినా పేరుంటే చాలు కదా!

అసలు సరదా అంతా పక్కదారి పట్టినవాళ్లది. సుజాన్ వేగా ఇక్కడ నాట్యం చదివి 1977లో బయటికొచ్చింది. కాళ్లకు కాక గొంతుకు పేరొచ్చింది. 1987లో ఆమె ‘లూకా’ పాట అమెరికా అంతా మోగింది. అదే ఆల్బమ్‌లో వాద్యాలేవీ లేకుండా ఒంటిగొంతుతో పాడిన ‘టామ్స్ డైనర్’ మరో చోటికి చేరింది. పాటల ఫైళ్లను కుదించే ఎంపీ3 పద్ధతి మీద పనిచేస్తున్న జర్మనీ ఇంజినీరు కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్, కుదించాక మనిషి గొంతు చెడకుండా ఉందో లేదో తేల్చుకోవడానికి ఆ పాటనే మళ్లీ మళ్లీ వాడాడు. ఇలా నాట్యం చదివిన అమ్మాయి గొంతు మన ఫోన్లలోని పాటలకు గీటురాయి అయింది.

ఐజాక్ మిజ్రాహి నటన నేర్చుకుని బట్టల డిజైనర్ అయ్యాడు. 1987లో సొంత సంస్థ పెట్టి, 1998లో దాన్ని మూసేసుకుని, 2003లో టార్గెట్ దుకాణాల కోసం మధ్యతరగతికి అందే బట్టలు గీశాడు. అంతకుముందు నటన రుచీ చూశాడు. 1980లో వచ్చిన ‘ఫేమ్’ సినిమాలో చిన్న వేషం కట్టాడు. ఆ సినిమా కథ ఈ బడిదే. అయితే అందులోని బూతుమాటలు చూసి అధికారులు భవనంలో షూటింగుకు ఒప్పుకోలేదు. దాంతో దర్శకుడు అలన్ పార్కర్ వేరే చోట్లు వెతుక్కున్నాడు. నృత్యాలు కూర్చిన లూయీ ఫాల్కో మాత్రం ఈ బడిలో చదివినవాడే. సినిమాకు రెండు ఆస్కార్లొచ్చాయి. అది చూసినవాళ్లకు బడి అంటే టాక్సీల మీదెక్కి చిందులేసే పిల్లలే గుర్తుండిపోయారు.

పేరు మోసినవాళ్లను మాత్రమే ఏరి చూపిస్తే ఏ బడైనా బంగారు గనిలాగే కనిపిస్తుంది. టీచర్లుగా, గుమాస్తాలుగా స్థిరపడినవాళ్ల సంగతి పత్రికలకెక్కదు. కళ వదిలి సర్కారు కొలువు చేసి కూడా వార్తల్లోకెక్కిన ఒకావిడ నగరంలోని మరో బడిలో చదివింది. తండ్రి సైనిక బ్యాండ్ మాస్టరు కావడం వల్లనేమో సంగీతం మీద మక్కువ పెంచుకున్న నగర మేయర్ లాగార్డియా 1936లో పెట్టించిన మ్యూజిక్ అండ్ ఆర్ట్ హైస్కూల్ అది. అక్కడ పియానో నేర్చిన బెస్ మయర్సన్ 1945లో మిస్ అమెరికా అయింది. ఆ కిరీటం దక్కిన తొలి యూదు యువతి. తర్వాత టీవీలో వెలిగి, 1969లో నగర వినియోగదారుల వ్యవహారాల కమిషనర్‌గా దుకాణదారుల మోసాల మీద పడింది.

1984లో ఈ రెండు బడులూ లింకన్ సెంటర్ పక్కన లాగార్డియా పేరున్న కొత్త భవనంలో ఒక్కటయ్యాయి. పక్కదారుల ఆనవాయితీ మాత్రం పోలేదు. అక్కడ ట్రంపెట్ ఊదిన ఆక్వాఫీనా ర్యాప్ పాడి, నటి అయి, 2020లో ‘ద ఫేర్‌వెల్’ చిత్రానికి గోల్డెన్ గ్లోబ్ అందుకుంది. నటన చదివిన నికీ మినాజ్ హోటళ్లలో వడ్డన చేసి, ర్యాపర్‌గా ఎదిగింది.

46వ వీధి భవనం 1988లో అగ్నిప్రమాదంలో దెబ్బతిన్నాక బాగుచేసి, జాక్వెలిన్ కెనెడీ ఒనాసిస్ పేరుతో మరో హైస్కూలు పెట్టారు. ఇక రెండు బడులూ కలిసిన లాగార్డియాలో 2019లో విద్యార్థులే వరండాల్లో బైఠాయించారు. సీట్లివ్వడంలో మార్కులకు పెద్దపీట వేస్తున్నారని, ఆడిషన్‌కు విలువ తగ్గుతోందని వాళ్ల ఫిర్యాదు. ప్రిన్సిపాల్ ఆ ఏడే వేరే పదవికి వెళ్లిపోయారు.