ఆడవాళ్ల క్రికెట్: మూడు జట్ల నుంచి మన సరిహద్దు దాకా

బళ్లారి నుంచి గుంతకల్లుకు సుమారు 50 కిలోమీటర్లు, అనంతపురానికి 100, బెంగళూరుకు 300. క్రికెట్ ఆడతానని పట్టుబట్టే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ముందుగా వేసుకునే లెక్క ఇదే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి, బళ్లారి ఇటు మైసూరులో కలిసింది. మన చుట్టరికాలు తెగలేదు గానీ ఆటల సంఘాలు మాత్రం రెండయ్యాయి. ఆ సంగతికి వచ్చే ముందు, ఈ ఆట ఆడవాళ్ల చేతికి ఎలా వచ్చిందో చూద్దాం.

మన దేశంలో మహిళా క్రికెట్ సంఘం 1973లో లక్నోలో రిజిస్టరైంది. దాన్ని నిలబెట్టినవారు మహేంద్ర కుమార్ శర్మ. ఆ ఏడాది ఏప్రిల్‌లో పుణేలో మొదటి అంతర్రాష్ట్ర పోటీ జరిగింది. వచ్చినవి మూడే జట్లు: బొంబాయి, మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్. ఏడాది చివర వారణాసిలో ఆ మూడు ఎనిమిదయ్యాయి. తర్వాత కలకత్తాలో పద్నాలుగు. టీవీ లేదు, జీతం లేదు, ప్రైజ్ మనీ లేదు, అయినా జట్లు పెరిగాయి. 1976 అక్టోబరు 31న బెంగళూరులో వెస్టిండీస్‌తో మన మహిళల తొలి టెస్టు మొదలైంది. కెప్టెన్ కర్ణాటకకు చెందిన శాంతా రంగస్వామి. అదే సిరీస్‌లో నవంబరులో పట్నాలో తొలి గెలుపు వచ్చింది. 1978లో ప్రపంచకప్పే మన దేశానికి వచ్చింది. అందులో ఆస్ట్రేలియాకు కప్పు తెచ్చిన మ్యాచ్ హైదరాబాదులోనే జరిగింది.

ఆ తరం పడ్డ పాట్లు వాళ్ల నోటనే చాలాసార్లు విన్నాం. రిజర్వేషన్ లేని బోగీల్లో ప్రయాణం, డార్మిటరీల్లో నేల మీద పడక, జట్టంతటికీ కలిపి రెండు మూడు బ్యాట్లు. ఇవన్నీ ఇంట్లో ఒప్పించుకుని వచ్చిన తర్వాతి కష్టాలు. అసలు ఒప్పించడమెంత కష్టమో బళ్లారివాళ్లకు చెప్పక్కర్లేదు. నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని బళ్లారి రాఘవ ఎంత పోరాడాల్సి వచ్చిందో మనకు తెలిసిందే.

ఆటను నిజంగా నిలబెట్టింది రైల్వే ఉద్యోగం అని మా అభిప్రాయం. రైల్వే శాఖ ఆడవాళ్లకు క్రీడల కోటాలో కొలువులిచ్చి జట్టు కట్టాక, దేశవాళీ పోటీల్లో ఆ జట్టును ఓడించడం మిగతావారికి గగనమైంది. గుంతకల్లు రైల్వే కుటుంబాలతో వియ్యమందుకున్న మన ఇళ్లలో దీని విలువ వివరించనక్కర్లేదు. "ఆడితే ఏమొస్తుంది" అనే తండ్రికి అప్పుడు జవాబు దొరికింది. సికింద్రాబాదులో పుట్టిన పూర్ణిమా రావు 1990ల్లో భారత జట్టుకు కెప్టెన్ అయ్యారు. అదే ఊళ్లో పెరిగిన తమిళుల అమ్మాయి మిథాలీ రాజ్, రైల్వే ఉద్యోగిగా ఆడుతూ వన్డేల్లో 7805 పరుగులు చేశారు.

2006లో మహిళా సంఘం బీసీసీఐలో కలిసింది. 2017 ప్రపంచకప్ ఫైనల్లో 9 పరుగుల తేడాతో ఓడినా, ఆట ఇంటింటికీ చేరింది. 2023లో మహిళా ప్రీమియర్ లీగ్ వచ్చింది. 2025 నవంబరు 2న నవీ ముంబైలో ప్రపంచకప్ మనదైంది.

ఆ కప్పులో 14 వికెట్లు తీసిన శ్రీచరణిది కడప జిల్లా పల్లెటూరు. ఆమెకు ముందే, 2023లో బంగ్లాదేశ్ పర్యటనలో అనంతపురం జిల్లా అమ్మాయి బారెడ్డి అనూష భారత జట్టులోకి వచ్చింది. ఆమె ఆర్డీటీ మైదానాల్లో ఆట నేర్చుకున్న పిల్ల. ఇటు చూస్తే విజయపుర అమ్మాయి రాజేశ్వరి గాయక్వాడ్ 2017 ప్రపంచకప్‌లో న్యూజిలాండ్‌పై 15 పరుగులకే 5 వికెట్లు తీసింది. ముగ్గురూ ఎడమచేతి స్పిన్నర్లే కావడం తమాషా. ముగ్గురివీ మహానగరాలు కావు. కాబట్టి బెంగళూరులో కాపురం పెడితే తప్ప దారి లేదనే మాటను మేము ఒప్పుకోం. దగ్గరలో మైదానం, నేర్పేవారు ఉండాలి, అంతే.

మన చిక్కు అక్కడే ఉంది. మనకు దగ్గరున్న పెద్ద మైదానం అనంతపురంలో, అంటే ఆంధ్ర సంఘం పరిధిలో ఉంది. పిల్ల బడి, ఇల్లు బళ్లారిలో, అంటే కర్ణాటక సంఘం కింద. ఒక సీజన్‌లో బీసీసీఐ పోటీల్లో ఒక సంఘం తరఫునే ఆడాలి. వేసవి సెలవుల్లో అనంతపురంలో మేనమామ ఇంట్లో ఉండి ఆట నేర్చుకోవడం వేరు, ఆ జట్టుకు ఆడటం వేరు. ఈ తేడా తెలియక ఒక ఏడాది పోగొట్టుకుంటే, అండర్-15, అండర్-19 వయసుల్లో ఆ ఏడాది మళ్లీ రాదు.

కాగితాల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. మన ఇళ్లలో తొలి కాన్పు పుట్టింట్లోనే. అందుకని చాలామంది పిల్లల జనన ధ్రువపత్రం ఆదోనిదో గుంతకల్లుదో అయి ఉంటుంది, బడి రికార్డు, ఆధార్ మాత్రం బళ్లారివి. పేరు తెలుగులో ఒకలా, కన్నడలో ఒకలా రాసి, ఇంగ్లీషులోకి వచ్చేసరికి మూడో రకమవుతుంది. వయసు విషయంలో బోర్డు గట్టిగా ఉంటుంది, చిన్న వయసు పోటీలకు ఎముకల పరీక్ష కూడా చేయిస్తుంది. సెలక్షన్లకు పంపే ముందే మూడు కాగితాల్లోనూ పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఏ రాష్ట్రం తరఫున నమోదు చేయించాలో ఆ సంఘం కార్యాలయంలోనే అడిగి తేల్చుకోండి.