హేత్వాభాసం: నైతిక నిర్ణయాల్లో

హేతువులా కనిపిస్తూ, పట్టి చూస్తే హేతువు కాకుండా పోయేది హేత్వాభాసం. న్యాయదర్శనం చెప్పిన పదహారు పదార్థాల్లో, అంటే చర్చనీయాంశాల్లో, ఇదొకటి. ఎవరైనా తప్పుడు నిర్ణయం తీసుకుంటే వాళ్ల బుద్ధిని, విలువలను అనుమానించడం లోకరీతి. కానీ చాలా సందర్భాల్లో విలువల దగ్గర తగాదా ఉండదు. మనుషుల ప్రాణాలు పోకూడదన్న మాటకు అందరూ తలూపుతారు. ఆ మాటకూ, ఇవాళ చెయ్యాల్సిన పనికీ మధ్య ఎక్కడో ఒక చెల్లని హేతువు చెల్లిపోతుంది.

శాస్త్రంలో

గౌతముడి న్యాయసూత్రాలు అయిదు హేత్వాభాసాలు చెప్పాయి. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలోనూ అయిదే: సవ్యభిచారం, విరుద్ధం, సత్ప్రతిపక్షం, అసిద్ధం, బాధితం. తర్కశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థికి నేటికీ చేతికిచ్చే పుస్తకం అది. కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు కాలేడన్న నానుడి ఆయన పేరుమీదే పుట్టింది.

నైతిక చర్చల్లో తరచూ ఎదురయ్యేది సవ్యభిచారం. హేతువు సాధ్యం (అంటే రుజువు చెయ్యాల్సిన విషయం) ఉన్నచోటా ఉంటుంది, లేనిచోటా ఉంటుంది. అలాంటప్పుడు అది దేన్నీ రుజువు చెయ్యదు. వితంతువులకు మళ్లీ పెళ్లి చేసుకునే హక్కునిస్తూ 1856లోనే చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఈ రెంటి మధ్య కాలమంతా అడ్డుపడ్డ వాదం ఆచారానిది: పూర్వంనుంచి వస్తున్నది కనుక ధర్మం. పూర్వంనుంచి వస్తున్నవాటిలో అతిథి మర్యాదా ఉంది, సతీసహగమనమూ ఉంది. ప్రాచీనత రెండింటికీ సమానమే. దాన్నిబట్టి ఏది ధర్మమో తేలదు.

అసిద్ధంలో ఒక రకం మరింత సూక్ష్మం. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది కనుక కొండమీద పొగ చూసి నిప్పుందని చెప్పవచ్చు. నిప్పుంది కనుక పొగ ఉందంటే మాత్రం కుదరదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. తడి కట్టె తోడైతేనే పొగ వస్తుంది. ఇలా హేతువు వెనక దాగిన షరతును ఉపాధి అంటారు. ఉపాధి ఉన్న హేతువు సోపాధికం. షరతు నెరవేరినంత కాలం ఇలాంటి వాదం నిజమవుతూనే ఉంటుంది, అందుకే దాని దోషం ఓ పట్టాన బయటపడదు.

ఛాలెంజర్ నిర్ణయం

1986 జనవరి 28న అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ ఎగిరిన 73 సెకన్లకు ముక్కలైంది. ఏడుగురూ చనిపోయారు, వాళ్లలో క్రిస్టా మెకాలిఫ్ అనే బడి పంతులమ్మ ఒకరు. ఘన ఇంధన బూస్టర్ అతుకుల్లోంచి వేడి వాయువులు బయటికి రాకుండా ఆపాల్సిన ఓ-రింగులనే రబ్బరు కట్లు ఆ ఉదయపు చలికి బిగుసుకుని పనిచెయ్యలేదు. ఎగిరే సమయానికి గాలి ఉష్ణోగ్రత సుమారు 2 డిగ్రీల సెల్సియస్.

ఈ ప్రమాదం ముందుగా తెలియనిది కాదు. బూస్టర్లు చేసిన మోర్టన్ థయోకోల్ సంస్థ ఇంజనీరు రోజర్ బోజలీ 1985 జులైలోనే పైవాళ్లకు హెచ్చరిక రాశాడు. ప్రయోగానికి ముందురోజు రాత్రి జరిగిన టెలీకాన్ఫరెన్స్‌లో ఆయనా సహచరులూ సుమారు 12 డిగ్రీలకన్నా తక్కువలో ఎగరవద్దన్నారు. అంతకుముందు జరిగిన ప్రయోగాల్లో అతి చల్లనిది ఆ ఉష్ణోగ్రతలో ఎగిరినదే, ఓ-రింగులు బాగా దెబ్బతిన్నదీ అప్పుడే.

అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వైపు సమాధానాల్లో ఒకటి పైకి బలంగా ఉంది. సుమారు 24 డిగ్రీల వెచ్చదనంలో ఎగిరినప్పుడు కూడా రింగులు దెబ్బతిన్నాయి, కాబట్టి చలికి సంబంధం లేదు. దెబ్బతిన్న ఏడు ప్రయోగాలనే పక్కపక్కన పెడితే నిజంగానే అలా కనిపిస్తుంది. దెబ్బతినని ప్రయోగాలను కూడా కలిపి చూడాలని ఆ రాత్రి ఎవరికీ తట్టలేదు. తర్వాత ఈ ప్రమాదంపై విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ కలిపి చూసింది. సుమారు 16 డిగ్రీలు, అంతకుమించిన వెచ్చదనంలో జరిగిన 21 ప్రయోగాల్లో నాలుగింటిలోనే దెబ్బలున్నాయి. అంతకన్నా చల్లగా ఉన్నప్పుడు ఎగిరినవాటిలో దెబ్బ లేనిది ఒక్కటీ లేదు.

అసలు హేతువు అంతకంటే పాతది: రింగులు అరిగినా 24 ప్రయోగాలూ క్షేమంగా తిరిగొచ్చాయి, కాబట్టి ఆ అరుగుదల భరించదగ్గదే. సోపాధిక హేతువుకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ తర్కగ్రంథాల్లో కూడా దొరకదు. ఇక్కడ తడి కట్టె వెచ్చదనం. ఈ వాదం సాగుబాటైన తీరును కమిషన్ సభ్యుడు రిచర్డ్ ఫైన్‌మన్ తన అనుబంధ నివేదికలో విమర్శించాడు. ప్రతి ప్రయోగంతోనూ కాస్త కాస్త సడలిన ప్రమాణం చివరికి మామూలు ప్రమాణమైపోవడాన్ని సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ 1996లో వెలువడిన తన పుస్తకంలో విశ్లేషించింది. ఆమె దృష్టిలో అక్కడ నియమాలను ఉల్లంఘించిన దుర్మార్గులెవరూ లేరు. అందరూ తమకు అలవాటైన పద్ధతి ప్రకారమే నడుచుకున్నారు.

రుజువు భారం

ఆ రాత్రి మరో పొరపాటు కూడా జరిగింది. సురక్షితమని తేలితేనే ఎగరాలన్నది ఆనవాయితీ. ఆ రోజు ఇంజనీర్లు ప్రమాదకరమని నిరూపించాల్సి వచ్చింది. వాళ్ల చేతిలోని ఆధారాలు అసంపూర్ణమన్నది నిజమే. అయితే 2 డిగ్రీల దగ్గర సురక్షితమన్న పక్షాన్ని స్థాపించడానికి అవతలివాళ్లు తగిన ఆధారం చూపలేదు. తన పక్షం స్థాపించకుండా ఎదుటి పక్షాన్ని మాత్రమే ఖండించే చర్చను నైయాయికులు వితండ అన్నారు, దాన్ని సత్యం కోసం చేసే వాదంతోనూ, గెలుపు కోసం చేసే జల్పంతోనూ కలపలేదు. చివరికి థయోకోల్‌లోనే ఒక పై అధికారి, సాంకేతిక విభాగాధిపతిని ఇంజనీరు టోపీ తీసి మేనేజరు టోపీ పెట్టుకోమన్నాడు. సంస్థ అభిప్రాయం మార్చుకుంది. టోపీ మారితే రబ్బరు స్వభావం మారదు కదా! ఫైన్‌మన్ కమిషన్ విచారణలో ఆ రబ్బరు ముక్కను మంచునీళ్లలో ముంచి అందరికీ చూపించాడు.

ఇదే తీరు మళ్లీ ఎదురైంది. 2003 ఫిబ్రవరి 1న నాసా మరో నౌక కొలంబియా తిరుగుప్రయాణంలో కూలింది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు మరణించారు. ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క రెక్కకు తగలడం కారణం. నురుగు ఊడి తగలడం అంతకుముందు ప్రయోగాల్లోనూ జరిగింది, అవన్నీ క్షేమంగా తిరిగొచ్చాయి. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే రెక్కను ఫోటో తీయించాలని ఇంజనీర్లు అడిగితే, అవసరమేమిటో ముందు నిరూపించమన్న ధోరణి వాళ్లకు అడ్డు తగిలింది. ఆ ఫోటోలు తీయలేదు. దర్యాప్తు బోర్డు తన నివేదికలో ఈ ప్రమాదాన్ని ఛాలెంజర్‌తో పోల్చింది.