చదరంగపు గళ్లు – బీరూనీ లెక్క

కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి పనికి వెళ్లే మన యువకులు వాడే 64 బిట్ల కంప్యూటరు, ఒకే పదంలో ఇముడ్చుకోగల అతి పెద్ద పూర్ణసంఖ్య 18446744073709551615. ఇందులో 20 అంకెలున్నాయి. ఇది కంప్యూటర్లతో పుట్టిన సంఖ్య కాదు. వెయ్యేళ్ల కిందటే ముస్లిం విద్వాంసులు దీనిని లెక్కించారు.

చదరంగం కనిపెట్టిన హింద్ దేశపు పండితుడు మొదటి గడికి ఒక గోధుమ గింజ, రెండవదానికి రెండు, మూడవదానికి నాలుగు, ఇలా 64 గళ్లకూ రెట్టింపు చేస్తూ ఇమ్మని రాజును కోరాడని కథ. ఈ కథకు చారిత్రక ఆధారం లేదు గాని లెక్క మాత్రం నిజం.

అబూ రైహాన్ అల్‌బీరూనీ (973–1048) తన 'ఆసారుల్ బాఖియా'లో దీనికి దగ్గరి దారి చూపాడు. ఏ గడి వరకు కూడినా మొత్తం, తరువాతి గడి సంఖ్య కంటే ఒకటే తక్కువ: 1+2+4=7, తరువాతి గడి 8. కాబట్టి 65వ గడి తెలిస్తే చాలు. మూడవ గడిలోని 4ను దానితోనే గుణిస్తే అయిదవ గడి 16, అదే విధంగా తొమ్మిదవ గడి 256, 17వది 65536, 33వది 4294967296. దీనిని మరొకసారి వర్గం చేస్తే 65వ గడి వస్తుంది. అందులో ఒకటి తీసివేస్తే మన సంఖ్య సిద్ధం. అరవై నాలుగు కూడికలు అక్కరలేదు.

ఈ మెట్లలోనే మరొక విశేషమున్నది. 2, 4, 16, 256, 65536, 4294967296 అనే సంఖ్యలకు ఒక్కొక్కటి కలిపి, వచ్చిన 3, 5, 17, 257, 65537, 4294967297లను గుణించి చూడండి. సరిగ్గా అదే మొత్తం వస్తుంది. చివరిది విభజించరానిదని ఫెర్మా భావించాడు. అది 641 × 6700417 అని 1732లో ఆయిలర్ తేల్చాడు.

తెలుగువారూ ఈ సంఖ్యను ఎరుగుదురు. మహావీరాచార్యుని గణితాన్ని తెనిగించిన పావులూరి మల్లన పేరిట చెప్పుకొనే ఒక పద్యంలో ఈ 20 అంకెలూ మాటల రూపంలో ఉన్నాయి. చంద్రుడంటే 1, వేదాలంటే 4, శరాలంటే 5. చివరి అంకె మొదట వస్తుంది.

ఇంత పొడవైన సంఖ్య చేతులు మారుతున్నప్పుడు లేఖకుల పొరపాట్లు దొర్లకుండునా? అందుకే అరబ్బు గణితజ్ఞులు తొమ్మిదులు తీసివేసి సరిచూసేవారు. ఈ అంకెలను కూడితే 87; 8+7=15; 1+5=6. గుణకారాన్ని ఇదే పద్ధతిలో పరీక్షించినా శేషం 6 రావాలి, వస్తుంది.

చరిత్రకారుడు ఇబ్న్ ఖల్లికాన్ (1211–1282) ఈ లెక్కను మొదట నమ్మలేదు. అలెగ్జాండ్రియాకు చెందిన ఒక గణకుడు వేసి చూపిన తరువాతనే అంగీకరించి, ఆ సంగతి తన గ్రంథంలో రాశాడు. తాము వాడే అంకెలు హిందువుల అంకెల నుంచి వచ్చినవని బీరూనీ కూడా దాపరికం లేకుండా చెప్పాడు. పూర్వుల ఘనతను వేదికల మీద చెప్పుకొనే మనం వారి నుంచి ముందుగా నేర్వవలసినవి ఈ రెండే: ఇతరుల నుంచి తీసుకున్నది ఒప్పుకోవడం, విన్నదానిని లెక్క వేసి చూడడం. మన పిల్లల చేత ఈ లెక్క ఒకసారి కాగితం మీద చేయించండి.