ప్రోగ్రామింగ్ భాషలలో అంతర్భాగమైన క్వెరీలు

పెద్ద పట్టిక నుండి కావలసిన వివరాలను మాత్రమే అడిగి తీసుకొనుటను కంప్యూటర్ పరిభాషలో క్వెరీ అంటారు. రేషన్ కార్డుల పట్టిక నుండి అరవై ఏళ్లు దాటినవారి పేర్లను వేరుచేయడం ఇందుకు ఉదాహరణ. ఐ.బి.ఎం.లో పనిచేసిన కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా దీనికి పునాది. అదే సంస్థకు చెందిన చాంబర్లిన్, బాయ్స్ 1974లో ప్రకటించిన సీక్వెల్ నేటి ఎస్.క్యు.ఎల్.కు మాతృక.

అయితే పెక్కు భాషలకు క్వెరీ పరాయిది. జావా వంటి వాటిలో సాధారణంగా దానిని కొటేషన్ గుర్తుల నడుమ వ్రాసి డేటాబేసుకు పంపుతారు. అందులో అక్షరం తప్పినా కంపైలర్‌కు తెలియదు; ప్రోగ్రామ్ నడిచేటప్పుడే లోపం బయటపడుతుంది. అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి ఉన్నది. వాడుకరి టైపు చేసిన మాటలను క్వెరీలో అట్లే అతికించినచో, దురుద్దేశం గలవాడు పేరుకు బదులు ఆజ్ఞనే వ్రాసి పట్టిక మొత్తాన్ని చూడగలడు, చెరపనూ గలడు.

క్వెరీని తనలో ఇముడ్చుకున్న భాషలూ ఉన్నాయి. ఒకప్పుడు మన శిక్షణ కేంద్రాలలో విరివిగా నేర్పిన ఫాక్స్‌ప్రోలో సెలెక్ట్ ఒక సొంత ఆజ్ఞ. దాని చివరి రూపానికి మైక్రోసాఫ్ట్ 2015లో మద్దతు నిలిపివేసినది. శాప్ సంస్థ వారి అబాప్‌లోనూ సెలెక్ట్ భాషలో భాగమే. పట్టికల నిర్మాణం ముందే తెలియుటచేత తప్పులను ముందుగానే చూపగలదు.

2007లో సి షార్ప్ 3.0తో వచ్చిన లింక్ ఈ వరుసలో విశిష్టమైనది. ఇందులో ఫ్రమ్ ముందు, సెలెక్ట్ చివర వస్తాయి. ఏ పట్టికయో ముందే తెలిసినందున ఎడిటర్ అందులోని గడుల పేర్లను సూచించగలదు. ఒకే వాక్యరీతి మెమరీలోని జాబితాకూ, డేటాబేసుకూ పనిచేస్తుంది. ఈ సౌలభ్యంలోనే చిక్కు ఉన్నది. వడపోతకు ముందే పట్టికను జాబితాగా మార్చినచో, లక్ష వరుసలూ మన యంత్రానికి చేరిన తరువాతనే ఏరివేత మొదలవుతుంది. ఫలితం సరిగానే వచ్చును గనుక ఈ లోపం చిన్న పట్టికపై కనబడదు.

పైథాన్‌లో 2000 నుండి ఉన్న లిస్ట్ కాంప్రహెన్షన్ చూచుటకు క్వెరీ వలెనే ఉంటుంది, కాని డేటాబేసును అడగజాలదు. జావా 8తో 2014లో వచ్చిన స్ట్రీములదీ అదే పరిమితి. పైథాన్‌తో పాటే లభించే ఎస్.క్యు.లైట్ మాడ్యూల్‌లో విలువ ఉండవలసిన చోట ప్రశ్నార్థకం ఉంచి, విలువను విడిగా పంపవచ్చు. అప్పుడు వాడుకరి ఏమి టైపు చేసినా అది విలువగానే పరిగణింపబడుతుంది. నేర్చుకొను విద్యార్థులు మొదటి రోజు నుండే ఈ పద్ధతిని అలవరచుకొనుట మేలు.